రొమ్ము ఫొటోలో తెల్ల చుక్కలు

కుప్పంలో ఉండే మా చెల్లెలికి రొమ్ములో క్యాన్సర్ బయటపడినప్పుడు అది చేతికి తగిలేంత కూడా లేదు. నొప్పి లేదు, వాపు లేదు. దగ్గర్లో శిబిరం పెడితే ఊరికే పోయి మామోగ్రామ్ అనే రొమ్ము ఫొటో తీయించుకుంది. అందులో తేలింది. ఆ కాస్త ముక్క తీసేసి, రేడియేషన్ అంటారే, ఆ కరెంటు పెట్టారు. ఇప్పుడు తన ఆవుల పాలు తనే పిండుకుంటోంది. డాక్టరమ్మ ఆమెతో, అక్కచెల్లెళ్ళుంటే వాళ్ళకూ తీయించమని చెప్పి పంపింది. ఉన్నది నేనొక్కదాన్నే.

అప్పటి నుంచి నాకు ఫోన్లు.

"అక్కా, పోయినావా?"

"పోతానే. టమోటా కోతలు కానీ."

"మొన్న ఆవు ఈనిందంటివి, ఇప్పుడు టమోటా అంటాండావు. నీ దేవుడే వచ్చి నీ చెయ్యి పట్టుకోని పిల్సకపోవాల్నా?"

ఆ మాట గుచ్చుకుంది. పుంగనూరులో మా భజన మండలికి ఇరవై ఏళ్ళుగా పురాణం చదివి అర్థం చెప్పేది నేనే. మా నాయన నాకు పదేళ్ళు నిండకముందే శ్లోకాలు నోటికి పట్టించాడు. ఎవరికి కష్టమొచ్చినా, "స్వామి ఉండగా మనకేం భయం" అని ధైర్యం చెబుతాను. అట్లాంటి దాన్ని, ఆ మిషను పేరు వింటేనే భయమని ఎవరితో చెప్పుకోను? కోతలు, ఆవులు అన్నీ సాకులే.

చివరికి ఒక గురువారం మదనపల్లె పోయాను. మా మండలిలో సోమవారం హారతి అయ్యాక అందరికీ విభూతి పంచుతారు. ఎక్కడ బాధ ఉంటే అక్కడ పూసుకోవడం మాకు అలవాటు. మోకాళ్ళకు, పిల్లల పొట్టలకు, పాలివ్వని ఆవు పొదుగుకు కూడా. ఆ పొద్దున తల స్నానం చేసి, రొమ్ముల కింద, చంకల్లో పలచగా విభూతి పూసుకొని రవిక తొడుక్కున్నాను.

ఆసుపత్రిలో చాలామంది ఉన్నారు. ఫొటో తీసే అమ్మాయి వరుసలో అందరినీ అడిగినట్టే నన్నూ అడిగింది.

"పౌడర్, క్రీము, సెంటు ఏమన్నా పూసుకున్నావామ్మా?"

"నా జన్మలో పౌడర్ ముట్టలేదు పాపా," అన్నాను, కొంచెం గొప్పగానే.

రెండు పలకల మధ్య రొమ్మును పెట్టి నొక్కింది. నొప్పి నిమిషం కూడా లేదు. దీనికేనా ఏడాదిగా భయపడింది అనుకుంటూ ఇంటికొచ్చాను.

మూడో రోజు ఫోను వచ్చింది. ఎడమ రొమ్ములో తెల్ల చుక్కలు కనబడ్డాయి, మళ్ళీ దగ్గరగా తీసి చూడాలి, అవసరమైతే కాస్త ముక్క తీసి పరీక్షకు పంపాలి, గురువారం రండి అన్నారు.

మా చెల్లెలిది కూడా అట్లాంటి చుక్కలతోనే మొదలైంది.

ఆ ఐదు రోజులు ఎట్లా గడిచాయో నాకే తెలుసు. దీపం ముందు కూర్చుంటే చిన్నప్పటి నుంచి వచ్చిన శ్లోకం సగంలో ఆగిపోయేది. సోమవారం తలనొప్పి అని భజనకు పోలేదు. పొద్దున, సాయంత్రం విభూతి మాత్రం మానలేదు. గురువారం నీళ్ళతో కలిపి మందంగా పట్టించుకొని మా ఆయనతో మదనపల్లె బస్సెక్కాను.

మళ్ళీ ఆ అమ్మాయే. నేను రవిక తీయగానే చూస్తూ నిలబడిపోయింది.

"ఇదేందమ్మా ఇది?"

"స్వామి విభూతి."

"పోయినసారి కూడా పూసుకోనొస్తివా?"

"పూసుకోకుండా ఎట్లొస్తాను?"

"పౌడర్ పూసుకున్నావా అని అడిగితిని కదమ్మా!"

"విభూతిని పౌడర్ అంటావా పాపా? తప్పు, చెంపలేసుకో."

ఆ అమ్మాయి నిజంగానే చెంపలేసుకుంది. తర్వాత నవ్వు ఆపుకోలేక స్టూలు మీద కూర్చుంది. నవ్వు ఆగినాక మెల్లగా చెప్పింది. "పౌడరైనా బూడిదైనా మిషన్లో తెల్ల చుక్కలుగానే పడతాయమ్మా. సూసేకి జబ్బు చుక్కల మాదిరే ఉంటాయి. నీవి అవే కావచ్చు, కాకపోనూవచ్చు. పోయి సబ్బేసి కడుక్కోనిరా."

స్నానాల గదిలో కొళాయి తిప్పాను గానీ చెయ్యి ముందుకు పోలేదు. జబ్బు ఉందో లేదో తేలే గడియలో స్వామి రక్షను నా చేత్తో నేనే కడిగెయ్యాలా? నీళ్ళు పోతూనే ఉన్నాయి. అప్పుడు గుడిలో పొద్దుటి అభిషేకం గుర్తొచ్చింది. పూజారి మొదట చేసే పని నిన్నటి విభూతిని స్వామి ఒంటి మీద నుంచి కడిగెయ్యడమే. కడిగినందుకు స్వామి ఎక్కడికీ పోడు. ఈ మాట నేనే ఎంతోమందికి చెప్పుంటాను. సబ్బు తీసుకున్నాను.

మళ్ళీ తీశారు. గంటసేపు బెంచీ మీద కూర్చోబెట్టారు. తర్వాత డాక్టరమ్మ లోపలికి పిలిచి రెండు ఫొటోలూ పక్కపక్కన చూపించింది. పాతదాంట్లో రవ్వ చల్లినట్టుంది. కొత్తదాంట్లో ఒక్క చుక్క లేదు.

"ఏమీ లేదమ్మా. అంతా విభూతే. మళ్ళీ ఏడాదికి రా. విభూతి నుదుటి మీద మాత్రమే పెట్టుకోనిరా."

బయట మా ఆయన లేచి నిలబడ్డాడు. "ఏమన్నారు మే?"

చెప్పాను. ఆయన నవ్వలేదు. భుజం మీది టవలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. దాని చాటు నుంచే, "గుండు మొక్కుకుంటినే," అన్నాడు. ఏనాడూ భజన గడప తొక్కని మనిషి.

బస్సులో చెల్లెలికి ఫోన్ చేశాను. విని పడీపడీ నవ్వింది. కాసేపటికి ఆ నవ్వు ఆగింది.

"నాది విభూతి కాకపోయె గదక్కా."

నేను కిటికీ వైపు తిరిగి కొంగుతో ముక్కు తుడుచుకున్నాను.

"అయినా చిన్నగా ఉన్నెప్పుడే దొరికె. ఈడ్నే ఉండాను గదా! నువ్వు ఏడ్సొద్దు, బస్సులో అందరూ సూస్తారు."

ఆ సోమవారం పురాణం తెరవకముందే మండలిలో అంతా చెప్పాను. చెంపలేసుకున్న అమ్మాయి దగ్గర అందరూ నవ్వారు. మా అందరికన్నా పెద్దామె నవ్వలేదు.

"అయితే నీక్కూడా బయమేసిందా అమ్మా?"

"వేసింది," అన్నాను. "శ్లోకం కూడా నోటికి రాలేదు."

ఆమె తల ఊపింది. హారతి అయ్యాక విభూతి తీసుకొని నా పక్కకొచ్చి, ఆ ఆసుపత్రి ఎన్ని గంటలకు తెరుస్తారని అడిగింది.