జమ్మలమడుగులో చిన్నాయన

మా చిన్నాయన పోయిన నెలలో చనిపోయాడు. ఆ ఉదయం నేను పాఠాలు చెప్పే కాలేజీకి బయల్దేరుతుంటే ప్రొద్దుటూరు నుంచి నాయన ఫోన్ చేశాడు. "చిన్నాయన పోయినాడు పాపా" అన్నాడు. "ఏ దేశంలో నాయనా?" అని అడిగాను. చిన్నాయన గురించి మా ఇంట్లో ఎవరైనా ముందు అడిగే మాట అదే. శవాన్ని ఎట్లా తెప్పించుకోవాలి, ఎవరిని పట్టుకోవాలి అని అప్పుడే లెక్కలు వేసుకుంటున్నాను. నాయన, "జమ్మలమడుగులో. ముద్దనూరు మీద పోయే బస్సెక్కి వచ్చెయ్" అన్నాడు.

నేనుండే పులివెందుల నుంచి జమ్మలమడుగు ఎంతో దూరం కాదు. బస్సులో కూర్చుని నాకు తోచినట్టు ఊహించుకున్నాను. మాకు చెప్పకుండా విమానం దిగి, అందరినీ ఆశ్చర్యపరుద్దామని ఇంటికి వస్తూ దారిలో పోయాడనుకున్నాను. ఇంత దగ్గరికి వచ్చి పోయాడే అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చాను. పక్క సీటులో ఉన్న ముసలామె నీళ్ల సీసా ఇచ్చింది. ఆ ఏడుపు తలుచుకుంటే ఇప్పుడు ఒళ్లు మండుతుంది.

చిన్నాయన మా నాయనకు ఒక్కగానొక్క తమ్ముడు. ప్రొద్దుటూరులో మాది బట్టల అంగడి. అన్నదమ్ములిద్దరూ అందులోనే కూర్చునేవాళ్లు. చీర విప్పి చూపించేటప్పుడు నాయన రంగు గురించి, నేత గురించి చెప్పేవాడు. చిన్నాయన మాత్రం ఆ చీర ఏ ఊళ్లో నేశారు, ఆ ఊరికి ఏ రైల్లో పోవాలి, అక్కడ పొద్దున్నే ఏం తింటారు అన్నది చెప్పేవాడు. కొనేవాళ్లు చీర సంగతి మరిచిపోయి వినేవాళ్లు. ఒకసారి సరుకు కొనడానికి నాయన ఆయనను కాశీకి పంపాడు. చీరల మూటలు లారీలో వచ్చాయి. ఆయన రాలేదు. కాశీ నుంచి నేపాల్ దగ్గరేనట, చూసొస్తానని ఫోన్ చేశాడు. చూసి రావడానికి ఏడాది పట్టింది.

అప్పటి నుంచి ఆయన బతుకు అదే. లావోస్‌లో ఒక సత్రంలో గదులు ఊడ్చి, అక్కడే పడుకునేవాడు. వియత్నాంలో రాత్రి కాపలాకు కూర్చున్నాడు. జార్జియాలో ద్రాక్షపండ్లు కోశాడు. వీసా గడువు అయిపోతే సరిహద్దు దాటి పక్క దేశంలో కొన్నాళ్లుండి మళ్లీ వచ్చేవాడు. పెళ్లి చేసుకోలేదు. రెండు మూడేళ్లకోసారి ప్రొద్దుటూరు వచ్చి నెలరోజులుండి, శనక్కాయల పొడి డబ్బా ఒకటి సంచిలో పెట్టుకుని పోయేవాడు. బజారులో అందరూ ఆయనను దేశదిమ్మరి అనేవాళ్లు. నాకు మాత్రం మా ఇంట్లో బతకడం తెలిసిన మనిషి ఆయనొక్కడే అనిపించేది.

నా డిగ్రీ అయిపోయిన ఎండాకాలంలో నాయనను ఒప్పించి నన్ను నేపాల్ తీసుకుపోయాడు. పాస్‌పోర్టు అక్కర్లేని దేశం కదా అని నాయన సరేనన్నాడు. రైలు, తర్వాత బస్సు, తర్వాత ఇంకో బస్సు. పోఖరాలో సరస్సుకు దూరంగా ఒక సందులో, ఆయనకు తెలిసినవాళ్ల సత్రంలో దిగాం. పొద్దున వంటింట్లో గిన్నెలు కడిగినందుకు ఆయనకు పడక ఉచితం. నేను కూడా కొంగు దోపుకుని ఆయన పక్కన నిలబడి కడిగాను. మా ఇంట్లో ఎన్నడూ గిన్నె ముట్టని మగవాడు అక్కడ అడుగంటిన పాలగిన్నెను బూడిదతో తోముతూ పాట పాడుకుంటున్నాడు. ఆ ఊళ్లో బొరుగులు దొరికితే ఒకరోజు వాటిని నానబెట్టి ఉగ్గాని, పక్కకు మిరపకాయ బజ్జీలు చేసి సత్రంలో ఉన్న అందరికీ పెట్టాడు. ఎక్కడెక్కడి దేశాల పిల్లలో మిరపకాయ బజ్జీ కొరికి కళ్లనీళ్లు పెట్టుకుంటుంటే, "మా ప్రొద్దుటూరులో పసిపిల్లోల్లు తింటారు ఇవి" అని తెలుగులోనే చెప్పాడు. అందరూ నవ్వారు. వాళ్లకేం అర్థమైందో నాకు తెలియదు.

ఆయన దగ్గర రెండే చొక్కాలుండేవి. ఒకటి ఒంటిమీద, ఒకటి ఆరుతూ. నా సంచి మోయలేక నేను కూలబడితే దాన్ని విప్పించి, ఒక్కొక్కటీ బయట పెట్టించి, "రేపటికి పనికొస్తాదేమో అని పెట్టుకున్నదంతా బరువే పాపా" అన్నాడు. ఏ దేశానికి పోయినా ముందు 'చాలు' అనే మాట నేర్చుకోవల్ల అనేవాడు. "నీళ్లు, అన్నం సైగ చేసినా ఇస్తారు. చాలు అని నోటితో చెప్తేనే నిన్ను మనిషిగా చూస్తారు." తిరుగు ప్రయాణంలో గోరఖ్‌పూర్ స్టేషన్లో బెంచీ మీద కూర్చుని నాతో, "ఈసారి పాస్‌పోర్టు తీసుకో. ఇంగా దూరం పోదాం" అన్నాడు. ఆ మాట పట్టుకుని నేను ఎన్నేళ్లు బతికానో నాకే తెలుసు.

పెళ్లయి పులివెందుల వచ్చాను. ఉద్యోగం, పిల్లలు. కరోనా వచ్చినప్పుడు చిన్నాయన జార్జియాలో చిక్కుకుపోయాడు. అప్పటి నుంచి ప్రతి ఆదివారం మధ్యాహ్నం ఫోన్ చేసేవాడు. ఆ దేశం నంబరు నుంచే వాట్సాప్‌లో కాల్. కొండలు, మంచు, ద్రాక్షతోటలు, రొట్టెలు కాల్చే మట్టి పొయ్యి. నేను వంటింట్లో స్టూలు మీద కూర్చుని వినేదాన్ని. పిల్లలు పెద్దవాళ్లయ్యాక పాస్‌పోర్టు తీసుకున్నాను. మా ఆయన కూడా, "పోయిరా, ఎన్నాళ్లని అనుకుంటావు" అన్నాడు. చిన్నాయనతో చెప్తే శానా సంతోషపడ్డాడు. కానీ ఎప్పుడు రమ్మంటావంటే, "నాతో ఎందుకు పాపా, ఒక్కదానివే యాడికన్నా పోయిరా. దిగినాక నాకు ఫోన్ చెయ్" అనేవాడు. నేను పట్టు వదలలేదు. రెండు వేసవి సెలవులు అట్లాగే పోయాయి. ఒకసారి అక్కడ వానలన్నాడు. ఇంకోసారి చోటు మారుతున్నానన్నాడు. వీడియో కాల్ చెయ్యమంటే సిగ్నల్ లేదనేవాడు. ఒక్కసారి కూడా అనుమానం రాలేదు నాకు. ఆయన మాటను అనుమానించాలని ఎందుకు తోస్తుంది?

జమ్మలమడుగులో దిగితే నాయన స్నేహితుడు ఒకాయన బైకు మీద పెన్న ఏటి వైపు ఒక గొర్రెల కాపరి ఇంటికి తీసుకుపోయాడు. పక్కా ఇల్లు, పక్కన రేకుల గది, వెనక గొర్రెల దొడ్డి. గది ముందు చాప మీద చిన్నాయనను పడుకోబెట్టారు. చిక్కిపోయాడు. గడ్డం తెల్లబడింది. ఎడమ పాదానికి పాత కట్టు. నాయన తలదగ్గర కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి తల దించుకున్నాడు.

మధ్యాహ్నానికి మగవాళ్లు ఏటి ఒడ్డుకు తీసుకుపోయారు. నేను ఆ ఇంటి ఆడమనిషితో ఉండిపోయాను. ఆమె నాకు మజ్జిగ తెచ్చిచ్చి పక్కన కూర్చుంది. చిన్నాయనను ఆమె అన్న అంటోంది. "ఎప్పుడు దిగినాడమ్మా?" అని అడిగాను. ఆమెకు అర్థం కాలేదు.

"యాడ దిగడం?"

"విదేశం నుంచి. ఎప్పుడొచ్చినాడు?"

ఆమె నా మొహంలోకి చూసింది. "మూడేండ్లు దాటిందమ్మా ఆయన మా ఇంటికొచ్చి. ఆస్పత్రి కాడ కాలి పుండు చూపించుకోను వచ్చినాడంట. మా ఇంటాయనను టీ అంగడి దగ్గర పలకరించి, గది యాడన్నా ఉంటే చెప్పప్పా అన్యాడు. ఈ రేకుల గదిలో మేము గొర్రెలకు పెట్టే శనక్కాయ చెక్క, గడ్డి ఏసుకునేటోల్లం. ఇదే చాలన్యాడు."

ఎట్లా లెక్క వేసినా, ఈ మూడేళ్లలో నేను ఫోన్లో విన్న మంచు అంతా ఈ రేకుల కింద నుంచే వచ్చిందన్నమాట.

ఆమె దాపరికం లేకుండా చెప్పుకుంటూ పోయింది. కాలు కాస్త నయమయ్యాక ఆయన రోజూ మంద వెనక ఏటి దాకా నడిచేవాడట. పిల్లలకు లోకంలోని ఊళ్ల పేర్లన్నీ చెప్పేవాడట. ఎండాకాలంలో వీళ్లు మందను తోలుకుని మేత కోసం ఊళ్లు తిరుగుతారు. రైతులు ఎరువు కోసం పొలాల్లో మందను ఆపించుకుంటారు. వద్దన్నా వినకుండా పోయిన ఏడు చిన్నాయన కూడా వాళ్లతో పోయాడట. "అట్ల తిరగడమంటే ఆయనకు శానా ఇష్టం. సింహాద్రిపురం కాడ చీనీకాయల తోటల పక్కన వారం రోజులుంటిమి. ఆడ నుంచి గూడ ఆదివారం పూట ఫోన్లో ఎవరితోనో మాట్లాడినాడు."

సింహాద్రిపురం నుంచి మా ఇంటికి షేర్ ఆటోలో పోవచ్చు. ఆ వేసవిలో ఒక ఆదివారం చిన్నాయన ఫోన్లో గొర్రెల గంటలు వినిపించాయి. "ఏంది చిన్నాయనా ఆ చప్పుడు?" అంటే, "కొండ మీంచి మంద దిగుతాండాది పాపా. చలికి గొర్రెలన్నీ ఒకదాన్నొకటి ఒత్తుకోని వస్తాండాయి" అన్నాడు. నేను పిల్లలను పిలిచి స్పీకర్ పెట్టి వినిపించాను. జార్జియా గొర్రెలు వినండి అన్నాను. బయట రోడ్డు మీద తారు కరిగే ఎండ. ఆ ఎండలోనే, మా ఊరి పక్కనే కూర్చుని ఆయన నాకు చలి గురించి చెప్పాడు.

దహనం అయ్యాక నాయన తలస్నానం చేసి తడిబట్టలతో వచ్చాడు. నేను ఆయన బట్టలు మార్చుకునేదాకా కూడా ఆగలేదు.

"నీకు తెలుసు గదా నాయనా?"

"తెలుసు."

"ఎప్పటి నుంచి?"

"వచ్చిన నెలకే ఫోన్ చేసినాడు. అప్పుడప్పుడు వచ్చి చూసిపోతాంటి." కళ్లాస్పత్రికి పోతున్నానని, పెళ్లికి పోతున్నానని మా అమ్మతో చెప్పి వచ్చేవాడట. అమ్మకు కూడా తెలియదు.

"నాకెందుకు చెప్పలేదు?"

నాయన మంచం అంచున కూర్చున్నాడు. "వాడు మాట తీసుకున్యాడు. 'నేను కాలు చెడగొట్టుకోని ఇట్ల వచ్చి పడినానని తెలిస్తే ఆ పాప ఇంగ గడప దాటదు, నేను ఆడే ఉండాననుకుంటే ఎప్పుడో ఒకప్పుడు బయల్దేరుతాది' అన్యాడు."

"నేను ఆయన కోసమే గదా నాయనా బయల్దేరాలనుకున్యా. ఆయన లేని చోటికి ఎందుకు పోతా?"

"అది వానికి తెలీలేదు పాపా." తనలో తాను అనుకుంటున్నట్టు, "నాకూ చెప్పబుద్ధి కాలేదు. ఇరవై ఏండ్లు తమ్ముడు నాకు లేడు. ఇన్నాళ్లకు దొరికినాడు. నీకు చెప్తే ఇంటికి తీసకపోదామంటావు, నలుగురూ వస్తారు. ఈడైతే మేమిద్దరమే" అన్నాడు.

మా నాయన అబద్ధం చెప్పడం నేను ఎప్పుడూ చూడలేదు. ఆ రోజు కూడా నిజమే చెప్పాడు.

చిన్నాయన నాకు చేసిన మేలు చిన్నది కాదు. అది ఒప్పుకోకుండా ఈ నాలుగు మాటలు రాయలేను. కొత్త ఊళ్లో భయపడకుండా అన్నం అడగడం నేర్పాడు. ఉన్నది తక్కువైతే మనిషి తేలికవుతాడని చూపించాడు. పోఖరాలో ఆయన పక్కన గిన్నెలు తోమిన పొద్దులు ఎవరూ నా నుంచి తీసుకోలేరు, అవి నేను కళ్లారా చూసినవి. మిగతావే ఇప్పుడు తేలడం లేదు. ఆయన చెప్పిన ద్రాక్షతోటలు ఏ ఏడాదివో, ఆ మట్టి పొయ్యి ఏ ఊరిదో, ఎంత నిన్నటిదో ఎంత పదేళ్ల కిందటిదో నాకు తెలియదు. అన్నీ నిజమే, కాకుంటే పాతవి అంటాడు నాయన. నాకు కావలసింది తోటలు కాదు. ఆదివారం పూట ఆ రేకుల గది ముందు ఆయన పక్కన కూర్చుని, పాదానికి కట్టు నేను మార్చి ఉంటే చాలు. అది ఇవ్వడానికి ఆయనకు ఏ వీసా అక్కర్లేదు.

ఇప్పుడు పోతావా అని మా ఆయన అడుగుతున్నాడు. పోతే చిన్నాయన అనుకున్నట్టే జరిగినట్టు. పోకపోతే ఆయన భయపడినట్టే జరిగినట్టు. రెండూ ఆయనవే. నాదని ఒక దారి ఇంకా కనిపించలేదు.

పెద్దకర్మ అయిన మర్నాడు గది ఖాళీ చేయడానికి నేనూ నాయనా మళ్లీ జమ్మలమడుగు పోయాం. సర్దడానికి పెద్దగా ఏమీ లేదు. పాత్రలు ఆ ఇంటామెకే ఇచ్చేశాం. బయల్దేరేసరికి పొద్దు వాలింది. ఏటి వైపు నుంచి దుమ్ము లేచింది. మంద ఇంటికి వస్తోంది. కాపరి ఇంకా వెనకే ఉన్నాడు. ఎవరూ పిలవకుండానే నాయన లేచి, తెల్లపంచె ఎగగట్టి, దొడ్డికి అడ్డంగా ఉన్న ముళ్లకంప తడికను ఎత్తి పక్కకు పెట్టాడు. అంగడి గద్దె దిగడానికి మనిషి సాయం అడిగే నాయన. కుక్క వచ్చి ఆయన కాళ్లకు ఒళ్లు రుద్దుకుంది. నాయన నాలుకతో ఏదో చప్పుడు చేశాడు. గొర్రెలు ఆయన మోకాళ్లను రాసుకుంటూ, తల కూడా ఎత్తకుండా లోపలికి పోతున్నాయి. నేను దగ్గరికి పోదామని ఒక అడుగు వేశాను. ముందున్న గొర్రె ఆగిపోయింది. దాని వెనక మందంతా ఆగి, చెవులు నిక్కబొడుచుకుని నా వైపు చూసింది.

"నువ్వు ఆడే నిలబడు పాపా" అన్నాడు నాయన. "నువ్వు వాటికి కొత్త."