మాస్టర్ తాగని నీళ్లు

కరోనా రెండోసారి విరుచుకుపడ్డ ఎండాకాలంలో మా ఆయన, మేం బతుకుదెరువుకు వలస వచ్చిన ఊళ్లో, భేస్తాన్ పేటలో ఒక కార్ఖానాలో సాంచాలు, అంటే మరమగ్గాలు నడిపేవాడు. ఒకరోజు జ్వరంతో లేచాడు. చారులో పోపు వాసన కూడా తెలియడం లేదన్నాడు. కార్ఖానా గేటు దగ్గర ముక్కులో పుల్ల పెట్టి చూసి, పావుగంటలో నెగెటివ్ అన్నారు.

మా వీధి డాక్టరు ఒప్పుకోలేదు. ఆ పరీక్షలో పాజిటివ్ వస్తే నమ్మొచ్చట. ఇన్ని లక్షణాలున్న మనిషికి నెగెటివ్ వస్తే మాత్రం నమ్మకూడదట. ఒంట్లో వైరస్ ఉన్నా దానికి దొరకకపోవచ్చు, ల్యాబు పరీక్ష చేయించండి, అంతవరకు ఇల్లు కదలొద్దు అని హిందీలో నచ్చజెప్పాడు.

ఆ మాటే వెళ్లి, కార్ఖానాలో పని పంచే సాంచాల మాస్టర్‌కు చెప్పాను. అతనూ మా వైపు నుంచి వచ్చినవాడే.

"నెగెటివ్ అన్నంక ఇంకేంది చెల్లె? పని ఎగ్గొట్టనీకి నాటకాలా? రేపు రాకుంటే సాంచాలు వేరేటోనికిస్త."

మా ఆయన వెళ్లాడు. సాంచాల మధ్యనే కూలబడ్డాడు. ఆసుపత్రిలో పాజిటివ్ వచ్చింది. బతికి బయటపడ్డాడు గానీ, సాంచాల ముందు నిలబడే ఊపిరి మళ్లీ రాలేదు. ఆయన పక్కన పనిచేసిన మనిషికీ అంటుకుంది, అతను ఆసుపత్రి నుంచి అసలు ఇంటికే రాలేదు.

మాస్టర్ పలకరించడానికైనా రాలేదు. నేను చీరలకు రాళ్లు అంటిస్తూ ఇల్లు నెట్టుకొచ్చాను. ఒక్కో రాయి నొక్కుతుంటే అతని ముఖం మీద వేలు పెట్టి నొక్కుతున్నట్టే ఉండేది.

చలికాలంలో మళ్లీ కేసులు పెరిగాయి. అప్పుడే మాస్టర్ డిండోలిలో ఇల్లు కొని గృహప్రవేశానికి అందరినీ పిలిచాడు. వెళ్లాను. పీటల మీద అతని భార్య శాలువా కప్పుకొని వణుకుతూ దగ్గుతోంది. జనం గుసగుసలాడితే మాస్టర్ నవ్వాడు.

"భయపడకుండ్రి. పొద్దుగాలనే టెస్ట్ చేపిచ్చిన. నెగెటివ్."

నేను లేచాను. "పుల్ల పెట్టి పావుగంటల చెప్పే టెస్టేనా అన్నా?"

"ఆ, గదే."

"మా ఆయనకు గూడ గదే నెగెటివ్ అన్నది. నువ్వు పనికి గుంజుకపోయినవ్. గంత నమ్మకముంటే వదినె తాగిన గ్లాసుల నీళ్లు అందరి ముందట తాగు."

సగం తాగిన గ్లాసు ఆమె పక్కనే ఉంది. మాస్టర్ దాన్ని చూశాడు. చెయ్యి కదలలేదు.

"శుభమా అని గిదేం పంచాయితి చెల్లె?"

"చెల్లె అనకు."

ఎవరో చెప్పులు వేసుకున్నారు. వాళ్ల వెనకే మిగతావాళ్లూ లేచారు. గిన్నెలకు గిన్నెలు బగారన్నం అలాగే ఉండిపోయింది.

తర్వాత ల్యాబు పరీక్షలోనూ ఆమెకు నెగెటివే వచ్చిందని విన్నాను. నిజంగా రోగం లేదో, దానికీ దొరకలేదో, ఎవరికీ తెలియదు. కొన్నాళ్లకు లేచి తిరిగింది.

"ఆమె ఏం జేసిందే నీకు?" అని మా ఆయన కోప్పడ్డాడు. ఏమీ చేయలేదు. అయినా నాకు బాధ కలగలేదు.

కార్ఖానాకు పోవాలంటే మాస్టర్ మా వీధి మీదుగానే పోవాలి. ఇప్పుడు తల దించుకొని పోతున్నాడు. పనిగట్టుకొని నేను గుమ్మంలోకి వచ్చి, అతను మలుపు తిరిగేదాకా చూస్తాను.