తలుపు పట్టుకున్న కాపలా

టక్. టక్. టక్.

వేసిన తాళాన్ని మూడుసార్లు లాగి చూసే చప్పుడు అది. ఆసుపత్రి కింది అంతస్తు నడవలో అది వినిపించిందంటే, మలుపు తిరిగి ఆమె రాబోతోందని అర్థం. నీళ్ల సీసా నింపుకోవడానికి పది అడుగులు వేసినా సర్వర్ గదికి తాళం పడాల్సిందే. ఇరవై రెండేళ్లుగా రక్తనిధి డేటాబేస్‌ను కంటికి రెప్పలా కాస్తున్న ఆమెను అందరూ తాళాలక్క అంటారు. ఆమె నీడ కూడా ఆమెను అడిగే వెనక నడుస్తుందని నర్సుల ఎగతాళి.

ఏ రోగికి ఏ రక్తం పడుతుందో, ఏ సంచీ ఏ అరలో చల్లగా నిద్రపోతోందో, ఆ డేటాబేస్‌కే తెలుసు.

ఆ ఉదయం కరెంటు మరమ్మతు కోసం సర్వర్‌ను ఆపి, ఎనిమిదిన్నరకి మళ్లీ వేశారు. యంత్రం లేచింది. డేటాబేస్ లేవలేదు. తెర మీద ఒక్కటే మాట: 5432 పోర్టు ఖాళీగా లేదు.

పోర్టు అంటే యంత్రానికున్న వేల తలుపుల్లో ఒకటి. ఒక్కో తలుపు దగ్గర ఒక్క ప్రోగ్రామే కూర్చుని పిలుపులు వినగలదు. డేటాబేస్ కూర్చోవాల్సిన చోట ఇంకెవరో చాప పరుచుకున్నారు.

ఎవరు? తాళాలక్క కళ్ల ముందు ఒకే ముఖం మెదిలింది. మరిది. భర్త తమ్ముడు. అదే ఆసుపత్రిలో నెట్‌వర్క్ పని చూస్తాడు. ఈ ఒక్క గదిలో తప్ప అన్ని గదుల్లోనూ తిరుగుతాడు.

ఇంతలో ఫోన్ మోగింది. సర్జన్.

"అమ్మా, మన అంబులెన్స్ డ్రైవర్ భార్యకి పదింటికి ఆపరేషన్. ఆవిడకి అందరి రక్తం పడదు. సరిపోయే సంచీలేవో మీ దాంట్లోనే ఉంది. మళ్లీ పరీక్షలు మొదలుపెడితే రేపవుతుంది. రేపటి దాకా ఆవిడ ఆగలేదు."

"తొమ్మిదిన్నరకి చెప్తాను డాక్టరుగారూ," అంది. ఫోన్ పెట్టకుండానే మరిదికి కలిపింది.

"నా సర్వర్‌లో ఏం పెట్టావయ్యా?"

"నేనా? ఆ గది గోడల రంగేంటో కూడా నాకు తెలీదు వదినా!"

"మరి నా తలుపు దగ్గర కూర్చుందెవరు? మీ అన్నయ్యా?"

"అన్నయ్యకి నీ ఎదురుగా ఇంట్లోనే కూర్చునే ధైర్యం లేదు. అక్కడికేం వస్తాడు?"

మరిదే పరుగున వచ్చాడు. గడప దగ్గరే ఆపేసింది.

"ఆ పోర్టు పట్టుకున్న ప్రోగ్రామ్ నంబరు చూడు," అన్నాడు.

"నువ్వు అటు తిరుగు."

అతను గోడకేసి తిరిగాకే ఆమె వేళ్లు కదిలాయి. 1187. ఆపేసింది. మళ్లీ చూస్తే తలుపు దగ్గర 2204. అదీ ఆపింది. 2391.

"ఆపినకొద్దీ లేస్తోంది. ఎవరో కావాలనే చేశారు. అంత తెలివి ఇక్కడ ఒక్కడికే ఉంది."

"ఇది పొగడ్తా, తిట్టా?" అని గోడనడిగాడు మరిది. "నంబర్ల వెంట పడకు వదినా. దాని పేరేంటో, దాన్నెవరు లేపుతున్నారో చూడు."

చూసింది. అప్పటికి టైము తొమ్మిదీ పది. గదిలో ఫ్యాన్ల హోరు ఒక్కటే, దూరపు వానలా.

పేరు: కాపలా. రాసింది: ఆమే.

మూడేళ్ల కిందట మరిది ఉద్యోగంలో చేరిన వారం అది. సర్వర్ ఎప్పుడైనా ఆగితే ఆ సందులో తన డేటాబేస్ స్థానంలో అతను ఇంకేదైనా కూర్చోబెడతాడని ఆమె అనుమానం. బస్సు సీటు మీద రుమాలు వేసినట్టు, యంత్రం లేవగానే అందరికన్నా ముందు తలుపు పట్టుకునే చిన్న ప్రోగ్రామ్ రాసింది. ఎవరు తట్టినా పేరు రాసుకో, ఎవరు ఆపినా మళ్లీ లే అని దానికి నేర్పింది. ఆ తర్వాత సర్వర్ ఒక్కసారీ ఆగలేదు. రుమాలు సంగతి ఆమె మరిచిపోయింది.

యంత్రంతో పాటు లేవాల్సినవాటి జాబితాలోంచి కాపలాని తీసేసి, అప్పుడు ఆపింది. ఈసారి లేవలేదు. డేటాబేస్ లేచింది. తొమ్మిదీ ఇరవై రెండుకి సర్జన్‌కి మూడు సంచీల నంబర్లు చదివి వినిపించింది, ఒక్కోటీ రెండుసార్లు.

తర్వాత కాపలా రాసుకున్న పేర్లు తెరిచింది. ఆపరేషన్ థియేటర్. ఆపరేషన్ థియేటర్. ఆడవాళ్ల వార్డు. మళ్లీ ఆపరేషన్ థియేటర్, పద్నాలుగుసార్లు. రక్తం కోసం తట్టినవాళ్లే అందరూ. మరిది ఎక్కడా లేడు.

"ఇటు తిరుగు," అంది.

అతను చదివాడు. ప్రోగ్రామ్ పుట్టిన తేదీ కూడా చదివాడు.

"ఇది నా కోసమా? చెప్పుంటే నేనే వచ్చి కాపలా కూర్చునేవాణ్ణి కదా వదినా!"

ఆమె గదిలో ఉన్న ఒక్క కుర్చీని కాలితో అతని వైపు నెట్టింది.

మధ్యాహ్నానికి డ్రైవర్ భార్య కళ్లు తెరిచిందని కబురొచ్చింది. ఆ సాయంత్రమే, తను లేని రోజు ఎవరైనా ఆ తలుపు తియ్యాలి కదా అని, తాళాలక్క ఒక కాగితం మడిచి మరిది జేబులో పెట్టింది.

ఇదంతా కథగా రాస్తానని నేనంటే ఆమె నన్ను ఎగాదిగా చూసింది.

"రాసుకో. మరిదికి పాస్‌వర్డ్ ఇచ్చానని కూడా రాయి. సగమే ఇచ్చానని మాత్రం రాయకు."