తడిసిన బాతులు

మా పిన్ని కలిదిండి దగ్గర బాతులు పెంచుతుంది. ఏలూరులో సైన్సు టీచరునైన నేను నిరుడు దసరా సెలవులకి ఆమె దగ్గరికి వెళ్ళాను.

ఆ ఇంటికి ఎగువన చేపల చెరువుల ఇంజన్లు బాగుచేసే షెడ్డు ఉంది. అక్కడ కడిగిన ఆయిలంతా తూము గుండా ఇంటి ముందు కాలువలోకి వచ్చి, నీటి మీద రంగురంగుల తెట్టు కట్టేది. అది కనబడితే పిన్ని బాతుల్ని కాలువలోకి వదిలేది కాదు. వీధివాళ్ళు గోల చేసేసరికి షెడ్డు యజమాని కడిగే నీళ్ళలో సబ్బు పొడి గుమ్మరించాడు. మర్నాటికి తెట్టు మాయం. "ఆయిలు పోయిందండీ" అని అందరికీ చెప్పుకున్నాడు.

పిన్ని నమ్మి బాతుల్ని వదిలింది. కాసేపటికి అరుపులు విని ఇద్దరం పరుగెత్తాం. బాతులు తేలలేక తోకవైపు నీళ్ళలోకి కుంగిపోతున్నాయి. దిగి ఒక్కొక్కదాన్నే ఒడ్డుకి చేర్చాం. ఈకలు ఒంటికి అంటుకుపోయి గజగజ వణుకుతున్నాయి. బాతు పిల్లలు కొన్ని మా చేతుల్లోనే చచ్చిపోయాయి.

తడిసిన బాతునొకదాన్ని తువ్వాల్లో చుట్టుకుని నేను షెడ్డుకి వెళ్ళాను.

"ఏవండీ, మీ సబ్బు నీళ్ళకి బాతులు చచ్చిపోతున్నాయండీ."

అతను నవ్వాడు. "నీళ్ళలో తడిసి బాతు చచ్చిందంటే ఎవరైనా నమ్ముతారాండీ?"

నాకు ఒళ్ళు మండిపోయింది. "బాతు తడవదండీ! తోక దగ్గర ఊరే నూనెని ముక్కుతో ఈకలకి రాసుకుంటుంది. నూనెతో నీళ్ళు కలవవు, అందుకే జారిపోతాయి. సబ్బు ఒక కొసతో నూనెని పట్టుకుని, రెండో కొసతో నీళ్ళని పట్టుకుంటుంది. ఆ ఈకల నూనెని అదే లాగేసింది. మీ ఆయిలు ఎక్కడికీ పోలేదు. పైన తేలేది కాస్తా నీళ్ళలో కలిసిపోయింది, అంతే!"

"పాఠాలు స్కూల్లో చెప్పుకోండి టీచరుగారూ," అని అతను లోపలికి వెళ్ళిపోయాడు.

సంగతి విని పిన్ని ఊరుకోలేదు. వీధిలో ఆడవాళ్ళని పిలుచుకొచ్చి, ఆ తూముకి అడ్డంగా మట్టి బస్తాలు వేయించింది. మర్నాడు కడిగిన నీళ్ళన్నీ షెడ్డులోకే తన్నుకొచ్చాయి. అతను పరుగున వచ్చాడు.

"బస్తాలు తీయించండమ్మా, లోపల కాలు నిలవడం లేదండీ."

"ముందు ఆ నీళ్ళు పోవడానికి మీ స్థలంలోనే గొయ్యి తవ్వించుకోండి. తర్వాత మాట్లాడదాం," అంది పిన్ని.

తవ్వించక తప్పలేదు. మిగిలిన బాతుల్ని మేం బోరు నీళ్ళతో కడిగి, గడ్డిలో వెచ్చగా ఉంచాం. అవి మళ్ళీ సరిగ్గా తేలడానికి చాలా రోజులు పట్టింది.

చచ్చిన బాతు పిల్లల గురించి అతను ఇంతవరకూ నోరు విప్పలేదు. నేను పిన్ని దగ్గరికి వెళ్ళినప్పుడు దారిలో ఎదురైతే నమస్కారం మాత్రం పెడతాడు. నేను తిరిగి పెట్టను.