కదలని దీపం

తెరల మీది చికాకు తగ్గించడం నా పని. ఆర్.ఎస్. పురం అనే పేటలో ఒక చిన్న ఆఫీసులో కూర్చుని, తెర మెరిస్తే ఒంటికి పడనివాళ్లకూ, తెల్లటి వెలుగు చూస్తే తలనొప్పి వచ్చేవాళ్లకూ ఫోన్ యాప్‌లు ఎలా ఉండాలో చెబుతుంటాను. అలాంటి నేను సొంతవాళ్ల ఇంట్లో చేసిన పని తెలిస్తే ఎవరూ నన్ను కొలువులో పెట్టుకోరు.

మా అత్త, అంటే నాన్న అక్క, మధురై దగ్గరి పల్లెలో పెదనాన్నతో ఉంటుంది. ఆ ఇంట్లో పేరంటాలు పెట్టె ఉంది. పేరంటాలంటే మా వంశంలో ఎప్పుడో చనిపోయి దేవతైన ఆడమనిషి. పెట్టెలో ఆమె చీర ఉంటుంది. ఏటా ఆషాఢం ప్రాంతంలో వచ్చే తమిళుల ఆడి నెలలో ఒక శుక్రవారం పూజ చేస్తారు. ఆ పేరంటాలమ్మ మా అత్త మీదికి వచ్చి సెలవిస్తేనే పెట్టె తెరుస్తారు.

అమ్మ వచ్చిందంటే అత్త కళ్లు ఒకచోట నిలిచిపోతాయి. దవడ బిగుసుకుంటుంది, కుడిచెయ్యి కొట్టుకుంటుంది. గొంతులోంచి వచ్చే మూలుగుకు పెదనాన్నే అర్థం చెబుతాడు. చిన్నప్పుడు నేనూ చేతులు జోడించి నిలబడ్డాను. మర్నాడు అత్త రసం అన్నం కూడా మింగలేక ఏడవడం చూశాను. నాలుక కొరుక్కుని ఉండేది. అమ్మ వచ్చిపోతే అంతేనన్నారు, నమ్మాను.

తరవాత వరసగా మూడేళ్లు అమ్మ రాలేదు. పూజగదిలో ఎప్పుడూ కొట్టుకునే ట్యూబ్‌లైట్ తీసేసి కొత్త లైటు పెట్టింది అప్పుడేనని ఇప్పుడు చెప్పగలను. ఆనాడు అది ఎవరికీ తట్టలేదు. అమ్మకు కోపం వచ్చిందని ఇంటిల్లిపాదికీ దిగులు.

నాలుగో ఏడు, తేనిలో, పళనిలో ఉన్న చుట్టాల కోసం నేనొక యాప్ చేశాను. వాళ్లు ఫోన్ మీద వేలితో తాకితే పూజగదిలోని పెద్ద టీవీలో ఒక దీపం వెలుగుతుంది. వెలిగిన ప్రతిసారీ తెర తెల్లగా మెరుస్తుంది. ఆఫీసులో ఎవరైనా ఇలాంటిది తెస్తే చీవాట్లు పెట్టేదాన్ని. ఇల్లే కదా అని, బుద్ధిని చెప్పులతో పాటు వాకిట్లో వదిలేశాను.

పట్టపగలు, పదకొండు గంటలకు హారతి ఇచ్చారు. అన్ని ఊళ్ల నుంచీ ఒకేసారి తాకారు. టీవీ ఆగకుండా మెరిసింది. నాతో ఏదో చెప్పబోయిన అత్త మాట మధ్యలో ఆగిపోయింది.

"అమ్మ వచ్చిండాది," అన్నాడు పెదనాన్న.

అందరూ చేతులు జోడించారు. నా చేతులు కూడా వాటంతటవే లేచాయి. అప్పుడు చూశాను, అత్త చెయ్యి టీవీతో పాటే కొట్టుకుంటోంది. తెర కాస్త ఆగితే చెయ్యీ ఆగింది. తేనిలో ఎవరో మళ్లీ దీపం తాకారు, ఇక్కడ అత్త భుజం ఎగిరింది. పరుగున వెళ్లి టీవీ వైరు పీకేశాను.

"అమ్మ నోరు తెరిచే టయానికి పీకితివే," అన్నాడు పెదనాన్న. పెట్టె ఆ ఏడూ తెరవలేదు.

నేనే అత్తను మధురైలో డాక్టరుకు చూపించాను. కళ్లలో వెలుగు మెరుస్తుంటే వచ్చే మూర్ఛ అన్నాడు, మాత్రలు రాశాడు. తిరిగి వస్తూ, ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదని అడిగాను.

"అది వచ్చేటప్పుడు నేను ఉండను కణ్ణూ. లేచి చూస్తే నోట్లో నెత్తురు, పెట్టె మళ్లీ మూసేసుంటారు. చుట్టూ అందరూ నా కాళ్లకు మొక్కుతుంటారు. ఎవురికి చెప్పేది?"

మరుసటేడు దీపాన్ని మార్చాను. పసుపు రంగులో ఒకటే దీపం, కదలదు. ఎంతమంది తాకినా మెల్లగా కాస్త వెలుగు పెరుగుతుంది, అంతే. ఆ శుక్రవారం ఎవరూ దీపాన్ని చూడలేదు. ఇరవైమంది అత్త కళ్లనే చూస్తూ నిలబడ్డారు. హారతి అయింది, కర్పూరం ఆరింది. ఎవరూ కదల్లేదు. అంతమంది అయినవాళ్ల మధ్య నాకు భయమేసింది.

పెదనాన్న నా పక్కకు వచ్చి మెల్లగా అన్నాడు. "కొంచం మెరిసేటట్టు చెయ్యి కణ్ణూ. ఒక్క తూరి చాలు."

ఆయనకు డాక్టరు మాట తెలుసు. తెలిసే అడిగాడు. చెయ్యనన్నాను. ఆ మాటలు అత్త చెవిన పడ్డాయి.

"పెట్టె తెరువు అన్నా," అంది.

పెదనాన్న చేతులు జోడించాడు. "ఎవురు చెప్పేది?"

"నేనే. నీ చెల్లెల్ని."

ఆయన చాలాసేపు అత్త ముఖంలో ఇంకెవరికోసమో వెతికాడు. చివరికి గొళ్లెం తీశాడు. అత్త ముందుకు వంగి, చీర మడతల మీద వేలు పెట్టి చూసింది.

"నలభై ఏండ్లుగా దీని ముందరే కూర్చుంటి," అంది. "ఎర్రదనుకొంటిని. పచ్చదా?"