బొట్టు పెట్టిన మదర్‌బోర్డు

మదర్‌బోర్డు కొనడంలో కూడా కొంపలు మునుగుతాయా అని మీరు నవ్వొచ్చు. నవ్వండి. ఆ శనివారం నా గుండె ఎలా కొట్టుకుందో తెలిస్తే మాత్రం కాసిని మంచినీళ్లిస్తారు.

అప్పటికి పెళ్లైన కొత్త. బెంగళూరు బ్రూక్‌ఫీల్డ్‌లో అద్దె ఇల్లు. నా భార్య హేమ ఆ ఊళ్లోనే పుట్టి పెరిగింది, కంప్యూటర్ గేముల్లో పులి. మర్నాడు పొద్దున ఆమె జట్టుకు ఫైనల్. పాత కంప్యూటరేమో కన్నుమూసింది. కొత్తదానికి ప్రాసెసర్, అన్నీ బిగించే చిన్న క్యాబినెట్‌తో సహా సామానంతా తనే తెచ్చుకుంది. "మదర్‌బోర్డు నాకొదిలెయ్, సాఫ్ట్‌వేర్ వాణ్ణి!" అన్నాను.

"చిన్న చిప్‌సెట్ ఉండేది చాలు. ప్రాసెసర్ వేగం పెంచే పనేం లేదు నాకు," అని మరీ మరీ చెప్పింది. చిప్‌సెట్ అంటే బోర్డును నడిపించే చిప్పు; అది పెద్దదైతేనే ప్రాసెసర్ వేగం పెంచుకోవచ్చు.

వింటే మొగుణ్ణెలా అవుతాను? కంప్యూటర్ అంగళ్లుండే ఎస్పీ రోడ్డుకెళ్లి, వేగం పెంచుకునే వీలున్న పెద్ద చిప్‌సెట్ బోర్డే తెచ్చాను. విస్తరాకంత ఉంది.

పెట్టె విప్పుతుంటే హెబ్బగోడి నుంచి మామగారు దిగారు. "కొత్త సామాను ఉండాది, పూజ చేయకుండానే కరెంటు పెడతావేమప్పా?" అన్నారు. కొత్త అల్లుణ్ణి, కాదంటానా? చిప్‌సెట్ మీది లోహపు మూతకు పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టి, హారతి కూడా ఇచ్చాను.

తీరా చూస్తే బోర్డు క్యాబినెట్‌లో పట్టలేదు. ఎటు తిప్పినా పట్టలేదు. ఇల్లు చూసి ఇల్లాలిని చూడమన్నారు పెద్దలు. నేను ఇల్లాలిని తెచ్చాక ఇల్లు చూశాను!

హేమ గడియారం వైపు చూసి, స్క్రూడ్రైవర్ నా చేతిలో పెట్టింది. తిట్టినా బాగుండేది. నాకు నిజంగా భయమేసింది.

రుమాలుతో తుడిస్తే బొట్టు పోలేదు సరికదా, మూతంతా పాకింది. దాన్నలాగే పెట్టెలో పెట్టుకుని అంగడికి పరుగెత్తాను.

"ఇది మార్చి చిన్నదివ్వండి."

అంగడాయన పెట్టె తెరిచి, భక్తిగా కళ్లకద్దుకున్నాడు. "పూజ ఆయ్తా సార్?"

"కొంచెమే అయింది."

"బొట్టు పెట్టినాంక అది మా ఇంటి బిడ్డ కాదు సార్, మీ ఇంటి కోడలు. వాపసు తీసుకునేది లేదు."

"పోనీ, దీనికి పట్టే క్యాబినెట్?"

"సోమవారం వస్తాది."

చేసేదేముంది? ఆదివారం హేమ ఆ బోర్డును పీట మీద పరిచి, తీగలన్నీ బయటే బిగించి ఆటకు కూర్చుంది. దోమ వాలకుండా మామగారు కాపలా. ఫ్యాను కాస్త గరగరమంటే చాలు, నేను ముక్కోటి దేవతలకూ మొక్కుకునేవాణ్ణి.

హేమ గెలిచింది!

"చూసినావా, పూజ మహిమ!" అన్నారు మామగారు.

"చిప్‌సెట్ మహిమ మామయ్యా," అన్నాను ఛాతీ విరుచుకుని.

హేమ హెడ్‌ఫోన్ తీసింది. "నేను కొనింది వేగం పెరగని ప్రాసెసర్. నువ్వు ఏ చిప్‌సెట్ తెచ్చినా దాని వేగం అంతే."

ఆ పీట సాక్షిగా అక్కడికక్కడే ప్రతిజ్ఞ చేశాను. ఇక ఈ జన్మలో ఆవిడ చెప్పిన బోర్డే తెస్తాను. బొట్టు మాత్రం క్యాబినెట్ తలుపు బిగించాకే, అదీ ఆ తలుపుకే పెడతాను.