కాక వేసిన మూడు

మొన్న మంగళవారం పొద్దున మా పక్క గది కాక పోయాడు. గుండె ఆగిందట. మా ఊళ్లకు దూరంగా, ఈ ఉధ్నా పేట మరమగ్గాల మీద ముప్పై ఏళ్లు నేసిన మనిషి. ఇక్కడ ప్రవచనాలు చెప్పేది నేనే కాబట్టి, భజనలో ఆయన గురించి నాలుగు మాటలు నన్ను చెప్పమన్నారు. చేతిలో ఉన్న గ్రంథంలోంచి ఒక పద్యం చదివి దిగిపోయాను. ఆయన గురించి చెప్పనేలేదు. అందుకే రాస్తున్నాను.

కాకకు పన్నెండు నెలలూ ముక్కు దిబ్బడే. దానికి తోడు ఆస్తమా. నేను ప్రవచనంలో ఊగిపోతుంటే వరుసగా ఎనిమిది తుమ్ములు తుమ్మి, “నువ్వు కానియ్యి స్వామీ, నేను తాళమేస్తున్న” అనేవాడు.

పోయిన ఏడాది ఒక ఆసుపత్రిలో ఇలాంటివాళ్ల మీద కొత్త ముక్కు స్ప్రే పరీక్షిస్తున్నారంటే చేరాడు. కొందరికి మందు, కొందరికి మందు లేని ఉత్త స్ప్రే. ఎవరిది ఏదో డాక్టరుకూ తెలియదు. రోజూ పొద్దున కార్డు మీద సున్నా నుంచి మూడు దాకా ఒక అంకె వేయాలి. మూడంటే భరించలేనంత బాధ.

మావాళ్లకు ఒక అలవాటుంది. తగ్గకపోయినా డాక్టరుతో “మంచిగైంది సార్” అంటాం, ఆయన చిన్నబుచ్చుకోకూడదని. కాక కార్డు నిండా మూడులే చూసి నాకు భయమేసింది. మందు పనిచేయట్లేదని పరీక్షలోంచి తీసేస్తే నెలనెలా ఆయన ఊపిరి చూసే దిక్కు కూడా పోతుంది.

“కాకా, జర నడుమ నడుమ ఒకట్లు వెయ్యరాదే” అన్నాను.

“ఏంది స్వామీ! మైకుల సత్యమంటవ్, నా చెవుల గిట్లంటవా? తగ్గిందని రాస్తే, పనిచెయ్యని మందు రేపు ఇంకొకని ముక్కుల కొడ్తరు. వాడు గూడ మనలెక్క దూది దుమ్ము మింగెటోడే.”

సత్యం మీద గ్రంథంలో నాకు కంఠతా రాని చోటు లేదు. కార్డు తిరిగి ఆయన చేతికిచ్చాను.

డాక్టరు ఆయన్ని తీసేయలేదు. ఆ మూడుల్ని ఉన్నవున్నట్టే ఎక్కించుకున్నాడు. కాక ముక్కు మాత్రం చివరిదాకా తెరుచుకోలేదు. ఆయనకు దొరికింది మందో, ఉత్తదో ఇప్పటికీ తెలియదు.

నిన్న అదే పరీక్షలో ఉన్న పక్క ఊరు పల్సానా మగ్గం మనిషికి తోడు వెళ్లాను. కొత్తగా వచ్చినవాడు, హిందీ రాదు. ఎలా ఉందని డాక్టరు అడిగితే, ఆ ప్రశ్న నేను అతనికి తెలుగులో చెప్పాను.

“మంచిగ…” అని ఆగిపోయాడు. చేతిలోని కార్డు మీది అంకెలకేసి చూశాడు.

“లేదు. తగ్గలే. గట్లనే చెప్పు స్వామీ.”

చెప్పాను. డాక్టరు తలూపి రాసుకున్నాడు. అతను నోరు తెరిచి, ముక్కు చేయలేని పనిని నోటితో చేస్తూ, ఒక పెద్ద ఊపిరి లోపలికి తీసుకున్నాడు.